పెరిగిన గడ్డి, పొదల తొలగింపునకు బ్రష్ కట్టర్లు: ఎంపిక, వినియోగం, మెళకువలు

మూడేళ్లపాటు నీరు పోసి పెంచిన మామిడి మొక్క ఏప్రిల్ నెలలో ఉన్నట్టుండి ఎండిపోతుంది. రైతు ముందుగా చెదలను అనుమానిస్తాడు, తరువాత నీటి ఎద్దడిని, ఆపైన వేరుకుళ్లును. మొదలు వద్ద ఉన్న ఎండుటాకులను పక్కకు తీసి చూస్తే, నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో కాండం చుట్టూ బెరడు ఒలిచిన గుర్తు కనిపిస్తుంది. అది చెదల పని కాదు. గడచిన వానాకాలంలో పాదులోని గడ్డి కోసిన యంత్రపు నైలాన్ తీగ చేసిన గాయం. దెబ్బ తగిలింది ఆగస్టులో, మొక్క చనిపోయింది ఏప్రిల్‌లో. ఈ రెండింటి మధ్య ఏడెనిమిది నెలల ఎడం ఉండటం వలన అసలు కారణం రైతు దృష్టికి రాదు. మరుసటి వానాకాలంలో అదే యంత్రం, అదే తీగ, అదే పొరపాటు పునరావృతమవుతాయి.

వర్షాకాలంలో పొలం గట్లు, పంట బోదెలు, తోటల్లోని చెట్ల మధ్య ఖాళీలు, కంచెల వెంబడి స్థలాలు కొద్ది వారాల్లోనే నడుమెత్తు గడ్డితో నిండిపోతాయి. సరిగ్గా అదే సమయంలో నాట్లు, కలుపుతీతల వలన కూలీలు దొరకరు. తోటల్లో కలుపు మందుగా విస్తృతంగా వాడుతూ వచ్చిన గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా మాత్రమే వాడాలని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఆంక్షలు విధించింది. ఈ పరిస్థితుల్లో భుజాన తగిలించుకొని గడ్డి కోసే బ్రష్ కట్టర్ల వైపు రైతులు మొగ్గు చూపడం సహజం. అయితే యంత్రం కొనేటప్పుడు ఇంజను ఎన్ని సి.సి.లు, ధర ఎంత అని విచారించినంత శ్రద్ధగా, దాని చివర ఏది బిగించాలన్న విషయాన్ని విచారించడం లేదు. మెత్తని గడ్డికి, ముదిరిన రెల్లుకు, ముళ్లపొదకు, మొక్క మొదలుకు ఒకే పరికరం బిగించి వాడటమే చాలా నష్టాలకు, ప్రమాదాలకు మూలం. కోయవలసినది ఏమిటో ముందుగా చూసి, దానికి తగిన కోత పరికరాన్ని నిర్ణయించుకొని, ఆ పరికరాన్ని తిప్పగల ఇంజనును ఎంచుకోవడమే సరైన క్రమం.

యంత్రం పనిచేసే విధానం

కొడవలి తన పదునుతో గడ్డిని కోస్తుంది. నైలాన్ తీగకు పదును లేదు. అది కేవలం వేగంతో కోస్తుంది. 1971లో అమెరికాలోని హ్యూస్టన్ నగరానికి చెందిన జార్జ్ బల్లాస్, కార్లు కడిగే యంత్రంలో గిరగిర తిరిగే బ్రష్షులను చూసి, ఒక రేకు డబ్బాకు రంధ్రాలు చేసి, చేపలు పట్టే గాలపు నైలాన్ దారాన్ని వాటి గుండా బయటకు తీసి తిప్పి చూశాడు. చెట్టు మొదళ్ల దగ్గర, గోడల వారగా పెరిగిన గడ్డిని తొలగించడానికి ఆయన చేసిన ఈ ప్రయత్నమే నేటి తీగ యంత్రాలకు నాంది.

తీగ కొసల మధ్య దూరం 40 సెం.మీ. ఉండి, తల నిమిషానికి 6,000 సార్లు తిరుగుతుందనుకుంటే, తీగ కొస సెకనుకు సుమారు 125 మీటర్లు, అంటే గంటకు 450 కిలోమీటర్ల వేగంతో గడ్డిని తాకుతుంది. మెత్తని, నీరు నిండిన కాండం ఆ తాకిడికి తట్టుకోలేక తెగిపోతుంది. గట్టిపడిన కర్ర కాండం తెగదు సరికదా, తీగనే అరగదీస్తుంది. లేత మొక్క బెరడు మాత్రం గడ్డి వలె మెత్తనిదే కాబట్టి క్షణంలో ఒలిచిపోతుంది. అదే వేగంతో దారిలో ఉన్న రాయి కూడా ఎగిరిపడుతుంది. యంత్రం వలన కలిగే ప్రయోజనం, ప్రమాదం రెండూ ఈ వేగంలోనే ఉన్నాయని గ్రహిస్తే ఇకపై చెప్పబోయే జాగ్రత్తలన్నీ సులభంగా అర్థమవుతాయి.

కలుపును బట్టి కోత పరికరం

1. నైలాన్ తీగ: గరిక, తుంగ వంటి మెత్తని గడ్డికి, మోకాలెత్తు వరకు పెరిగిన లేత కలుపుకు, రాళ్లు, గోడలు, స్తంభాల వారన పనికి ఇది అనువైనది. రాయి తగిలితే తీగ అరుగుతుందే తప్ప బ్లేడు వలె ముక్కలై ఎగరదు, ఎదురు తన్నదు. తేలికపాటి గడ్డికి 2.0 నుంచి 2.4 మి.మీ., దట్టమైన గడ్డికి 2.7 నుంచి 3.0 మి.మీ. మందం గల తీగ వాడాలి. గుండ్రని తీగ ఎక్కువ కాలం మన్నుతుంది. అంచులున్న నలుపలకల తీగ వేగంగా కోస్తుంది కాని త్వరగా అరుగుతుంది.

2. రెండు లేదా మూడు పళ్ల బ్లేడు: నడుమెత్తు పెరిగి ముదిరిన గడ్డి, రెల్లు, దర్భ, చిటికెన వేలి మందం కాండాలు గల కలుపు మొక్కలకు ఇది తగినది. తీగతో కోస్తే ఇటువంటి పొడవాటి గడ్డి తల చుట్టూ తాడులా పేనుకొని ఇంజనును ఆపివేస్తుంది.

3. 40 లేదా 80 పళ్ల గుండ్రని బ్లేడు: బొటనవేలి మందం నుంచి సుమారు 5 సెం.మీ. వరకు మందం గల సర్కారు తుమ్మ పిలకలు, లంటానా వంటి కర్ర పొదలకు దీనిని వాడాలి. అంతకు మించిన మందం గల కాండాలకు బ్రష్ కట్టరు పనికిరాదు. గొడ్డలి లేదా చెట్లు కోసే రంపపు యంత్రం ఉపయోగించాలి.

4. పశుగ్రాసం కోత: మేత కోసం గడ్డి కోసేటప్పుడు నైలాన్ తీగ వాడరాదు. తీగ గడ్డిని ముక్కలు ముక్కలుగా చిదిమి మట్టితో కలుపుతుంది. అరిగి తెగిన నైలాన్ ముక్కలు మేతతోపాటు పశువు కడుపులోకి చేరే ప్రమాదముంది. బ్లేడుతో కోసిన గడ్డి ఒక వరుసగా పడుతుంది, ఏరుకోవడమూ సులభం.

తీగ మందం పెంచితే కోత కూడా పెరుగుతుందని భావించి, యంత్రం సామర్థ్యానికి మించిన తీగ వేయడం సరికాదు. తీగ బరువు దాని మందం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 2.4 మి.మీ. తీగకు బదులు అంతే పొడవున 3.0 మి.మీ. తీగ వేస్తే బరువు ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. ఆ మేరకు వేగం తగ్గి, క్లచ్ జారి వేడెక్కుతుంది. రక్షణ గార్డును తొలగించి తీగను పొడవుగా వదిలినా ఇదే జరుగుతుంది. గార్డు లోపల ఉన్న చిన్న కత్తి తీగను తగిన పొడవుకు కత్తిరించడానికే ఏర్పాటు చేయబడింది. గార్డు తీసివేస్తే పనివాని రక్షణతో పాటు ఇంజను రక్షణ కూడా పోతుంది.

ఇనుప తీగ, గొలుసు బిగించరాదు

నైలాన్ తీగ తరచుగా అరిగిపోతున్నదని కొందరు దాని స్థానంలో క్లచ్ వైరు, కట్టుడు తీగ, సైకిలు గొలుసు ముక్కలు బిగిస్తుంటారు. ఇది ప్రాణాంతకమైన పని. పెళుసుబారిన ఇనుప తీగ కొస లేదా గొలుసు లంకె తెగితే తుపాకి గుండు వలె దూసుకుపోతుంది. యంత్రంతో వచ్చే గార్డు నైలాన్ తీగను, ఒకే పలకగా ఉండే బ్లేడును దృష్టిలో ఉంచుకొని తయారైనదే కాని ఇటువంటి లోహపు ముక్కలను ఆపడానికి కాదు. గొలుసు లంకెలతో చేసిన కోత పరికరం వలన ప్రాణనష్టం సంభవించిన మీదట, చేతి బ్రష్ కట్టర్లకు బిగించే ఇటువంటి పరికరాల అమ్మకాన్ని సభ్యదేశాలు నిషేధించాలని యూరోపియన్ కమిషన్ 2012 జనవరిలో నిర్ణయించింది. తీగ త్వరగా అరుగుతున్నదంటే తీగ నాసిరకమని మాత్రమే కాదు, అక్కడ తీగతో చేయదగిన పని కాదని కూడా అర్థం. అప్పుడు మార్చవలసినది బ్లేడుకు గాని ఇనుప తీగకు కాదు.

ఎండకు ఆరిపోయిన నైలాన్ తీగ పెళుసుగా మారి ముక్కలవుతుంది. నైలాన్‌కు తేమను పీల్చుకొనే గుణం ఉంది కాబట్టి, తీగ చుట్టను వాడకానికి ముందు ఒక రోజు నీటిలో నానబెడితే తిరిగి సాగే గుణం వచ్చి ఎక్కువ కాలం మన్నుతుంది. రాయలసీమ, తెలంగాణ జిల్లాల వేసవి ఎండల్లో ఈ చిన్న మెళకువ ఖర్చును గణనీయంగా తగ్గిస్తుంది.

ఇంజను, ఆకృతి ఎంపిక

పెరటి గడ్డి, పశువుల పాక పరిసరాలు వంటి చిన్న పనులకు 25 నుంచి 30 సి.సి. ఇంజను సరిపోతుంది. తోటలు, గట్ల మీద క్రమం తప్పక కోయడానికి 35 నుంచి 43 సి.సి., ముదురు పొదలను గుండ్రని బ్లేడుతో కోయడానికి 45 సి.సి., ఆపైన సామర్థ్యం గల యంత్రం అనువుగా ఉంటుంది. అవసరానికి మించి పెద్ద యంత్రం కొంటే పని పెరగదు. బరువు పెరిగి మనిషి త్వరగా అలసిపోతాడు, అలసిన చేతిలో యంత్రం అదుపు తప్పుతుంది.

రెండు స్ట్రోకుల ఇంజను తేలికగా ఉంటుంది, ఏ కోణంలో వంచినా పనిచేస్తుంది, మరమ్మతు సులభం. అయితే పెట్రోలులో ఆయిల్ కలపాలి, పొగ, శబ్దం ఎక్కువ. నాలుగు స్ట్రోకుల ఇంజనుకు ఆయిల్ విడిగా పోస్తారు. ఇంధనం తక్కువ ఖర్చవుతుంది, శబ్దం కూడా తక్కువే. కాని ఆయిల్ మట్టాన్ని రోజూ చూసుకోవాలి. వాలు నేలల్లో వంచి పనిచేయడానికి ఆ నమూనా అనువైనదో కాదో విక్రేతను అడిగి తెలుసుకోవాలి.

బ్యాటరీతో నడిచే యంత్రాలకు పొగ లేదు, శబ్దం తక్కువ. అయితే బ్యాటరీ ఎంతసేపు వస్తుందో లెక్కవేసి చూసుకోవాలి. 36 వోల్టులు, 5 ఆంపియర్ గంటల బ్యాటరీలో 180 వాట్ గంటల శక్తి ఉంటుంది. మోటారు 500 వాట్లు వాడుకుంటే అది 22 నిమిషాలు కూడా రాదు. ఇంటి పెరడుకు ఇది చాలు. ఎకరాల తోటకు అదనపు బ్యాటరీలు లేనిదే పని సాగదు.

కడ్డీ వంపుగా ఉన్న తేలికపాటి యంత్రాలు సాధారణంగా తీగకు మాత్రమే పనికివస్తాయి. బ్లేడు వాడదలచినవారు నిటారు కడ్డీ, సైకిలు హ్యాండిల్ వలె రెండు చేతులకు విడివిడి పిడులు, రెండు భుజాల మీద బరువు పంచే బెల్టు ఉన్న యంత్రాన్నే ఎంచుకోవాలి. రెండు పిడులు ఉన్నప్పుడు బ్లేడు కాళ్ల వైపునకు రాకుండా అవే అడ్డుపడతాయి. వీపున ఇంజను ఉండి, వంగే గొట్టం ద్వారా తిరిగే నమూనాలు ఎత్తుపల్లాల నేలలకు, గట్ల వాలుకు సౌకర్యంగా ఉంటాయి. ఏ నమూనా అయినా కొనేముందు భుజాన వేసుకొని, తల నేలకు సమాంతరంగా దానంతట అదే నిలుస్తున్నదో లేదో చూడాలి. నిలవకపోతే బెల్టు కొక్కెం స్థానాన్ని సరిచేయించాలి. విడిభాగాలు, మరమ్మతు సౌకర్యం దగ్గరి పట్టణంలో ఉన్నాయో లేదో తెలుసుకోవాలి. రాయితీ పథకాల కింద లభించే నమూనాల వివరాలకు మండల వ్యవసాయాధికారిని సంప్రదించవచ్చు.

ఇంధనం కలిపే పద్ధతి

రెండు స్ట్రోకుల ఇంజనులు చెడిపోవడానికి ముఖ్య కారణం ఆయిల్ పాలు తప్పడమే. యంత్రంపై 25:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 40 మి.లీ., 40:1 అయితే 25 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. 2టి ఆయిల్ కలపాలి. సీసా మూతలతో అంచనాగా పోయకుండా కొలపాత్ర వాడాలి. విడి డబ్బాలో కలిపి, బాగా కుదిపిన తరువాతనే ట్యాంకులో పోయాలి. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే స్పార్క్ ప్లగ్, సైలెన్సర్ మసిబారి ఇంజను శక్తి తగ్గుతుంది.

ప్రస్తుతం పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు చేరి, పైన పెట్రోలు వేరుపడుతుంది. అడుగున చేరిన ఆ ద్రవంలో ఇంజనుకు కావలసిన ఆయిల్ ఉండదు. కాబట్టి వారం పది రోజులకు సరిపడా మాత్రమే కలుపుకోవాలి. నెల రోజులకు పైగా నిలవ ఉన్న ఇంధనాన్ని వాడరాదు. పని కాలం ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లోని ఇంధనం అయిపోయే వరకు ఇంజనును నడిపి భద్రపరచాలి.

పనికి ముందు జాగ్రత్తలు

నడుమెత్తు గడ్డిలో ఏమున్నదో పైనుంచి కనిపించదు. అందువలన యంత్రం ఆన్ చేయకముందే పొడవాటి కర్రతో గడ్డిని తడుతూ, అడుగుల చప్పుడు చేస్తూ ఒకసారి నడిచి చూడాలి. రక్తపింజర వంటి పాములు ఇటువంటి గడ్డిలోనే పొంచి ఉంటాయి. చప్పుడు చేస్తూ నడిస్తే చాలా పాములు తప్పుకుంటాయి గాని రక్తపింజర తరచు ఉన్నచోటనే ఉండిపోతుంది. కాబట్టి మోకాలి వరకు వచ్చే గట్టి బూట్లు తప్పనిసరి. పాము కాటు వేస్తే గాయాన్ని కోయడం, తాడుతో బిగించి కట్టడం చేయకుండా, కరిచిన అవయవాన్ని కదలనీయక 108 వాహనంలో విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తరలించాలి.

నడిచేటప్పుడే రాళ్లు, సీసా పెంకులు, పాత కంచె తీగలు, కొబ్బరి చిప్పలు ఏరివేయాలి. డ్రిప్ లేటరల్ పైపులు, ఎమిటర్లు, బోరు మోటారు కేబుళ్లు ఎక్కడ ఉన్నాయో గుర్తించి, కొయ్యలు పాతి ఎర్రగుడ్డ కట్టాలి. వీలైతే లేటరల్ పైపులను చెట్టు మొదలు వైపునకు జరపాలి. 16 మి.మీ. పైపు తీగ దెబ్బకు క్షణంలో చిల్లిపడుతుంది. ఆ చిల్లి మరుసటి తడి పెట్టే వరకు తెలియదు.

కళ్లకు దెబ్బ తగలని గట్టి అద్దాలు, వాటిపైన ముఖానికి జాలీ తొడుగు, చెవులకు మూతలు, చేతులకు తొడుగులు, పొడవు చేతుల చొక్కా, మందపు ప్యాంటు ధరించాలి. జాలీ తొడుగు ఒక్కటే చాలదు. దాని రంధ్రాల గుండా ఇసుక రేణువులు కంటిలోకి వస్తాయి. పంచె, తువ్వాలు, చీర కొంగు వంటి వదులు వస్త్రాలు తిరిగే తలకు చుట్టుకుంటాయి. పనివాని చుట్టూ 15 మీటర్ల లోపు మరెవరూ, పశువులు సైతం ఉండరాదు. రహదారి పక్కన కోసేటప్పుడు ఒక మనిషిని కాపలా ఉంచి, వాహనం లేదా మనిషి వచ్చినప్పుడు ఇంజను ఆపాలి.

కోసే విధానం

పలు యంత్రాల్లో తల పైనుంచి చూసినప్పుడు గడియారపు ముళ్లకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. గేర్ పెట్టెపై ఉన్న బాణం గుర్తును చూసి దీనిని నిర్ధారించుకోవాలి. ఇటువంటి యంత్రాన్ని కుడి నుంచి ఎడమకు ఊపుతూ కోయాలి. అప్పుడు తెగిన గడ్డి కోసేసిన వైపునకు పడుతుంది. చేతులతో కాక నడుము తిప్పుతూ, చిన్న అడుగులతో ముందుకు సాగాలి.

బ్లేడును ఒక గడియారంగా ఊహించుకుంటే పనివానికి నేరుగా ఎదురుగా ఉన్నది 12, ఎడమ చేతి వైపు ఉన్నది 9, కుడి చేతి వైపు ఉన్నది 3. పై దిశలో తిరిగే బ్లేడుతో 8కి, 12కు మధ్య ఉన్న ఎడమ భాగంతోనే కోయాలి. 12కు, 3కు మధ్య ఉన్న భాగం గట్టి కాండానికి గాని రాయికి గాని తగిలితే యంత్రం ఒక్కసారిగా ఎదురు తన్ని పక్కకు విసిరేస్తుంది. బ్లేడు వలన జరిగే పెద్ద గాయాలకు ముఖ్య కారణం ఇదే. పొదల్లో పనిచేసేవారు ఈ ఒక్క విషయాన్ని కంఠస్థం చేసుకోవాలి.

నడుమెత్తు గడ్డిని ఒకేసారి మొదలంటా కోయరాదు. కుడి నుంచి ఎడమకు ఊపేటప్పుడు పై సగాన్ని, మరల అదే చోట రెండవ ఊపులో కింది సగాన్ని కోయాలి. ఇలా చేస్తే గడ్డి తలకు చుట్టుకోదు. గడ్డిని తాకకముందే ఇంజను పూర్తి వేగం అందుకోవాలి. తీగతో కోసేటప్పుడు కొస మాత్రమే గడ్డికి తగలాలి. తలను గడ్డిలోకి గుచ్చితే తీగ అనవసరంగా తెగుతుంది. గట్ల మీద 5 నుంచి 8 సెం.మీ. ఎత్తు గడ్డిని మిగల్చాలి. ఆ వేళ్లే గట్టు మట్టిని పట్టి ఉంచుతాయి. నేల గీరుకొనేలా కోస్తే తరువాతి వానకు గట్టు కోసుకుపోతుంది.

కర్ర పొదలను మాత్రం నేలకు వీలైనంత దగ్గరగా, అడ్డంగా కోయాలి. ఏటవాలుగా కోస్తే మిగిలిన మొదలు మేకులా నిలిచి మనుషుల పాదాలకు, పశువుల గిట్టలకు, ట్రాక్టరు టైర్లకు గుచ్చుకుంటుంది. తలకు గడ్డి చుట్టుకున్నా, తీగ మార్చాలన్నా ముందుగా ఇంజను ఆపి, తల తిరగడం పూర్తిగా నిలిచాకనే చేయి పెట్టాలి. అరగంటకు ఒకసారి విశ్రాంతి తీసుకోవాలి. ఏళ్ల తరబడి విరామం లేకుండా యంత్రపు అదురును చేతులతో భరించేవారికి వేళ్లు తిమ్మిరెక్కడం, పాలిపోవడం వంటి శాశ్వత సమస్యలు వస్తాయి.

తోటల్లో చెట్టు మొదలు రక్షణ

ఆకులలో తయారైన ఆహారం బెరడు లోపలి పొర ద్వారా వేళ్లకు చేరుతుంది. వేళ్లు పీల్చిన నీరు దానికి లోపలి కర్ర భాగం ద్వారా పైకి వెళుతుంది. తీగ దెబ్బకు బెరడు చుట్టూరా ఒలిచిపోతే నీరు పైకి వెళ్లడం ఆగదు కాబట్టి ఆకులు కొంతకాలం పచ్చగానే ఉంటాయి. కిందకు ఆహారం అందని వేళ్లు మాత్రం క్రమంగా క్షీణిస్తాయి. వేసవిలో నీటి అవసరం పెరిగినప్పుడు ఆ వేళ్లు తట్టుకోలేవు, మొక్క ఎండిపోతుంది. బత్తాయి, నిమ్మ తోటల్లో చుట్టూరా ఒలవకపోయినా, చిన్న గాయం సైతం బంక కారు తెగులును కలిగించే శిలీంధ్రానికి ద్వారం తెరుస్తుంది.

దీనికి నివారణ చాలా సులభం. లేత మొక్కల మొదలు చుట్టూ కనీసం రెండు అడుగుల వరకు యంత్రాన్ని తీసుకుపోరాదు. ఆ భాగాన్ని చేతితో లేదా కొడవలితో తొలగించి, యంత్రంతో కోసిన గడ్డినే అక్కడ మల్చింగ్‌గా పరచాలి. గడ్డి మొదలును తాకకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచాలి. విత్తనం పట్టిన గడ్డిని మాత్రం మల్చింగ్‌కు వాడరాదు. రెండు మూడేళ్ల లోపు మొక్కలకు పాత పి.వి.సి. గొట్టాన్ని నిలువుగా చీల్చి తొడుగుగా వేస్తే అదనపు రక్షణ లభిస్తుంది. కూలికి వచ్చిన పనివానికి చెట్టు మొదలు వరకు శుభ్రంగా కోయమని చెప్పడం కంటే, పాదు అంచు వరకే కోయమని సున్నంతో గీత గీసి చూపడం మేలు.

జీడిమామిడిలో రాలిన గింజలను, ఆయిల్‌పామ్‌లో గెలల నుంచి రాలిన పండ్లను ఏరడానికి చెట్ల కింద శుభ్రంగా ఉండాలి. జీడిమామిడిలో గింజలు రాలడం మొదలు కాకముందే కోత పూర్తిచేయాలి. రాలిన తరువాత యంత్రం తిప్పితే గింజలు దెబ్బతినడంతో పాటు రాళ్లవలె ఎగిరిపడతాయి.

యంత్రం చేయలేని పని

కోత అంటే కలుపు నిర్మూలన కాదు, అదుపు మాత్రమే. తుంగకు భూమిలో గడ్డలు, దర్భకు దుంపవేళ్లు, గరికకు పాకే కాడలు ఉంటాయి. పైభాగం కోసినంత మాత్రాన అవి చావవు. అంతేకాక, తీగతో చిందిన గరిక ముక్కలు తడి నేలలో కణుపుల వద్ద వేళ్లూనుకొని పాదుల్లోకి వ్యాపిస్తాయి. సర్కారు తుమ్మను పైన కోస్తే మొదలు నుంచి గుంపుగా పిలకలు వేస్తుంది. దానిని వేరు మొదలుతో సహా తవ్వి తీయాలి.

వయ్యారిభామ విషయంలో కోసే సమయమే ముఖ్యం. ఒక్కో మొక్క వేల సంఖ్యలో విత్తనాలు వేస్తుంది కనుక పూత రాకముందే తొలగించాలి. కొద్ది స్థలమైతే వాన పడిన మరునాడు చేతి తొడుగులతో పీకివేయడం ఉత్తమం. విశాల స్థలాల్లో బ్లేడుతో కోసి, తిరిగి చిగురించగానే మరల కోయాలి. పూతకు వచ్చిన వయ్యారిభామను నైలాన్ తీగతో చిదిమితే దాని పుప్పొడి, చిదుపలు శరీరంపై, ముఖంపై పడి చర్మంపై దద్దుర్లు, శ్వాస ఇబ్బందులు కలుగుతాయి. అదే విధంగా వరి గట్లపై గడ్డిని వరి ఈనక ముందే కోయాలి. గట్ల గడ్డిపై ఆశ్రయం పొందే కంపు నల్లి పాలు పోసుకొనే కంకులపైకి చేరకుండా ఇది తోడ్పడుతుంది.

నిర్వహణ, ఖర్చు లెక్క

ప్రతిరోజూ పని ముగిశాక గాలి వడపోత స్పంజిని, ఇంజను చుట్టూ ఉన్న చల్లబరిచే రెక్కలను శుభ్రపరచాలి. 20 నుంచి 25 గంటల పనికి ఒకసారి గేర్ పెట్టెలో గ్రీజు పెట్టాలి. బ్లేడును బిగించే మర చాలా యంత్రాల్లో ఎడమ మర కాబట్టి విప్పేటప్పుడు వ్యతిరేక దిశలో బలం ప్రయోగించి పాడుచేయరాదు. పగులు వచ్చిన, పన్ను విరిగిన, వంగిన బ్లేడును అతికించి వాడరాదు, పారవేయాలి. వేడి ఇంజనులో పెట్రోలు పోయరాదు. ఎండుగడ్డిపై వేడి సైలెన్సరును ఆనించి ఉంచితే నిప్పు రాజుకుంటుంది.

యంత్రం సొంతంగా కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా అన్నది ఏటా ఎన్ని గంటల పని ఉన్నదన్న దానిపై ఆధారపడుతుంది. ఉదాహరణకు, యంత్రం ధర 15,000 రూపాయలు, అది 5 సంవత్సరాలు పనిచేస్తుందనుకుందాం. ఏటా 100 గంటల పని ఉంటే ధరలో గంటకు పడే వంతు 30 రూపాయలు. ఏటా 20 గంటలే పని ఉంటే అది 150 రూపాయలు అవుతుంది. దీనికి పెట్రోలు, ఆయిల్, తీగ, మరమ్మతు, పనివాని కూలి కలిపితే గంట ఖర్చు తెలుస్తుంది. తన పొలంలోనే 5 సెంట్ల గడ్డి కోసి, పట్టిన సమయాన్ని 20తో హెచ్చిస్తే ఎకరాకు పట్టే సమయం వస్తుంది. ఈ రెండు అంకెలను కూలీలతో అయ్యే ఖర్చుతో పోల్చి నిర్ణయించుకోవాలి. పని తక్కువగా ఉన్న చిన్న రైతులు నలుగురు కలిసి ఒక యంత్రం కొనడం లేదా అద్దె యంత్రాల కేంద్రం నుంచి తెచ్చుకోవడం లాభదాయకం.

బ్రష్ కట్టరు కూలీల కొరతకు మంచి పరిష్కారమే. అయితే కొడవలి పట్టిన మనిషి చేయి గడ్డికి, మొక్కకు తేడా తెలిసి ఆగుతుంది. యంత్రానికి ఆ తేడా తెలియదు. గడ్డిని చూసి పరికరాన్ని మార్చే ఓపిక, మొదలుకు రెండు అడుగుల దూరంలో ఆగే నిగ్రహం, గార్డు, కళ్లద్దాలు, బూట్లు లేనిదే ఇంజను ఆన్ చేయని అలవాటు రైతు అలవరచుకోవాలి. ఈ వానాకాలం కోతలు ముగిసిన వెంటనే ప్రతి లేత మొక్క మొదలును ఒకసారి వంగి పరిశీలించండి. గాయం చుట్టూరా లేకుంటే, చిరిగిన బెరడు అంచులను పదునైన కత్తితో నునుపు చేసి, బోర్డో పేస్టు పూస్తే ఆ మొక్కను కాపాడుకోవచ్చు. ఏప్రిల్‌లో ఆకులు వాడిన తరువాత చేయగలిగింది ఏమీ ఉండదు.